పిల్లల కోసం ఎదురుచూస్తుంటే డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి? మా వంటింటి క్యాలెండర్ లెక్క

మా వంటింట్లో ఫ్రిజ్ పక్కన పెద్ద గళ్ళ తెలుగు క్యాలెండర్ వేలాడుతుంటుంది. తిథి, నక్షత్రం, రాహుకాలం అన్నీ ఉండేది. డిసెంబర్ ఆఖర్లో మదనపల్లి నుంచి ఎవరు బెంగళూరు బస్సెక్కుతుంటే వాళ్ళ చేతికిచ్చి మా అత్తమ్మ పంపిస్తుంది. పాలు రాని రోజు దాని మీద నీలం పెన్నుతో సున్నా చుడతాను. నాకు డేట్ వచ్చిన రోజు గడి మూలన చిన్న ఎర్ర చుక్క పెడతాను. 2022 ఆగస్టు నుంచి 2023 జూన్ ఆఖరు దాకా పదకొండు నెలలు. చుక్కలు పది. జనవరి పేజీలో ఒక్క చుక్కా లేదు.

రోజూ పాలగిన్నె పొయ్యి మీద పెడుతూ ఆ పేజీలు చూసేదాన్ని. చూసి కూడా ఏమీ అర్థం చేసుకోలేదు. చివరికి ఒక డాక్టరమ్మ ఆ రెండేళ్ళ క్యాలెండర్లూ టేబుల్ మీద పరిచి, పెన్ను మొనతో చుక్క నుంచి చుక్కకు రోజులు లెక్కపెట్టి, "ఇది చూసుంటే మీరు ఏడాది కిందటే నా దగ్గరికి వచ్చుండాల్సింది" అన్నారు.

నేను డాక్టర్ని కాను. మారతహళ్ళి పక్కన మున్నేకొలాలలో ఉంటాం. నేను వైట్‌ఫీల్డ్ వైపు ఒక స్కూల్లో అకౌంట్స్ చూస్తాను, మా ఆయనది బెళ్ళందూరులో అమెరికా షిఫ్ట్. మా పాపకు ఇప్పుడు ఏడాది దాటింది. తను పుట్టకముందు మేం తెలియక పోగొట్టుకున్న నెలలు ఇంకొకరు పోగొట్టుకోకూడదని ఇది రాస్తున్నాను.

లెక్క ఎప్పటి నుంచి మొదలు

చుట్టాలు పెళ్ళి రోజు నుంచి లెక్కపెడతారు. ఏ పెళ్ళికి వెళ్ళినా, ఏ గృహప్రవేశానికి వెళ్ళినా, "ఏం పాపా, మూడేళ్ళాయె, విశేషమేమన్నా ఉందా?" అనే అడుగుతారు. డాక్టర్ల లెక్క అది కాదు. నిరోధ్, మాత్రలు, కాపర్ టీ లాంటివన్నీ ఆపేసి, ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ, వారానికి రెండు మూడుసార్లు కలుస్తున్న మొదటి నెల నుంచి వాళ్ళు లెక్కపెడతారు. భార్య వయసు 35 లోపు ఉంటే 12 నెలలు చూడొచ్చు. 35 నిండితే 6 నెలలే. 40 దాటాక అయితే ఆగే పనే లేదు, పిల్లలు కావాలనుకున్న నెలలోనే వెళ్ళాలి.

12 నెలలు ఎందుకంటే, ఏ ఇబ్బందీ లేని జంటకు కూడా ప్రతి నెలా కుదరదు. వంద జంటల్లో దాదాపు 85 జంటలకు మొదటి ఏడాదిలో నెల తప్పుతుంది. మిగిలినవాళ్ళలోనూ సగం మంది దాకా రెండో ఏడాదిలో మందులు లేకుండానే తల్లిదండ్రులవుతారు. అందుకే ఏడాది నిండి డాక్టర్ దగ్గరికి వెళ్ళినంత మాత్రాన ఇక పిల్లలు పుట్టరని కాదు, ఐవీఎఫ్ (ల్యాబ్‌లో అండాన్నీ వీర్యకణాన్నీ కలిపి గర్భసంచిలో పెట్టే చికిత్స) చేయించుకోవాల్సిందేనని కాదు. ఎక్కడైనా చిన్న అడ్డంకి ఉందేమో చూడటమే. 35 దాటాక ఆరు నెలలకు తగ్గించడానికి కారణం అండాలు. ఆడపిల్ల పుట్టేటప్పుడే జీవితకాలానికి సరిపడా అండాలతో పుడుతుంది, కొత్తవి తయారుకావు. ముప్ఫైల మధ్య నుంచి వాటి సంఖ్యా నాణ్యతా రెండూ వేగంగా తగ్గుతాయి.

మేం మొదలుపెట్టినప్పుడు నాకు ముప్ఫై నాలుగున్నర. జనవరిలో 35 నిండాయి. "35 లోపే మొదలుపెట్టాం కదా, ఏడాది టైం ఉంది" అనుకున్నాం. అది మొదటి తప్పు. మధ్యలో 35 వచ్చి, అప్పటికి ఆరు నెలలు గడిచిపోతే ఇక ఆగకూడదు. ఆ లెక్కన మేం 2023 ఫిబ్రవరిలోనే వెళ్ళాలి. వెళ్ళింది జూన్ ఆఖర్లో.

ఆ నాలుగు నెలలూ ఎలా పోయాయో చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇళ్ళలో ఇలాగే పోతున్నాయి. డిసెంబర్లో ఆయనకు షిఫ్ట్ మారింది, నేను లేచేసరికి ఆయన పడుకునేవారు, "ఆ నెల లెక్కలోకి రాదులే" అనుకున్నాం. జనవరిలో సంక్రాంతికి పది రోజులు ఊళ్ళో ఉన్నాం, అత్తమ్మ వాళ్ళింట్లో ఇల్లంతా జనం, అదీ లెక్క కాదన్నాం. మార్చి అంటే నాకు స్కూలు లెక్కలు ముగించే నెల, రాత్రి పదింటికి వచ్చి పడిపోయేదాన్ని, దాన్నీ తీసేశాం. అలా తీసేసుకుంటూ పోయి జూన్ వచ్చేసరికి, "మనం నిజంగా ప్రయత్నించింది నాలుగైదు నెలలే" అని మమ్మల్ని మేమే సముదాయించుకున్నాం. ఇద్దరిలోనూ భయం ఉంది. ఆ భయం వల్ల నెలలు కొట్టేస్తున్నామని ఎవరూ పైకి అనలేదు.

అందుకే నా మొదటి మాట ఇది. జాగ్రత్తలు ఆపేసిన రోజే క్యాలెండర్ తీసి, ఆ తేదీ దగ్గర "మొదలు" అని రాయండి. వెంటనే ఆరో పన్నెండో పేజీలు ముందుకు తిప్పి, డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిన తేదీ కూడా రాయండి. వచ్చే ఏడాది క్యాలెండర్ ఇంకా రాకపోతే ఫోన్లో రిమైండర్ పెట్టండి. షిఫ్ట్ అని, పండగ అని, ఆడిట్ అని ఆ తేదీని వెనక్కి జరపొద్దు. ఒకరు చెన్నైలో, ఒకరు ఇక్కడ ఉంటూ నెలకు రెండు వారాంతాలే కలిసుండే జంటలు మన తెలుగువాళ్ళలో ఎంతమందో ఉన్నారు. మీరు కూడా ఆ తేదీకే వెళ్ళండి. వెళ్ళి, కలిసుండే రోజులు తక్కువని ఉన్నదున్నట్టు చెప్పండి. అది డాక్టర్‌కు పనికొచ్చే సమాచారం.

28 రోజులనే పొరపాటు

ఫోన్లో డేట్ కొడితే "మంచి రోజులు" చూపించే క్యాలిక్యులేటర్ ఒకటి వాడేదాన్ని. అందులో 28 రోజులు అని ముందే నింపి ఉంది. అందరికీ అంతే అనుకుని దాన్ని మార్చలేదు. అది పదో రోజు నుంచి పదహారో రోజు దాకా ప్రయత్నించమనేది. ఆయన నైట్ షిఫ్ట్‌లో ఉంటే లీవు పెట్టి మరీ ఆ రోజుల్లో ఇంట్లో ఉండేవారు.

నా ఎర్ర చుక్కల మధ్య 36, 37, మళ్ళీ 36, 37. అందుకే డిసెంబర్ 29న వచ్చాక మళ్ళీ ఫిబ్రవరి 3నే వచ్చింది. జనవరి ఖాళీ.

అండం విడుదలయ్యేది డేట్ వచ్చిన పద్నాలుగో రోజని చాలామంది అనుకుంటారు. అసలు లెక్క వెనక నుంచి చేయాలి. రాబోయే డేట్‌కు దాదాపు 14 రోజుల ముందు అండం విడుదలవుతుంది. 28 రోజులకు వచ్చేవాళ్ళకు అది పద్నాలుగో రోజు, 36 రోజులకొచ్చే నాకు ఇరవై రెండో రోజు. అండం బతికేది 12 నుంచి 24 గంటలే. వీర్యకణాలు మాత్రం లోపల ఐదు రోజుల దాకా బతకగలవు. కాబట్టి అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు, మొత్తం ఆరు రోజులే ఆ నెలకు అవకాశం. మేం లీవులు పెట్టుకున్న రోజులన్నీ ఆ ఆరు రోజుల కంటే ముందే అయిపోయేవి.

డేట్ లెక్కించడం కూడా సరిగా తెలియాలి. మరకలా కనిపించిన రోజు కాదు, రక్తస్రావం బాగా మొదలైన రోజు మొదటి రోజు. ఆ రోజు నుంచి మళ్ళీ అలాంటి రోజు వచ్చేదాకా లెక్కపెట్టాలి. 21 నుంచి 35 రోజుల మధ్య వస్తుంటే మామూలే. అంతకంటే తొందరగా వచ్చినా, 35 దాటి వస్తున్నా, ఒక నెల 26 మరో నెల 50 అని గంతులేస్తున్నా, ఏడాదీ ఆరు నెలలూ చూడక్కర్లేదు. అండం సరిగా విడుదల కావడం లేదేమో, థైరాయిడో పీసీఓఎసో (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని ఇబ్బంది) ఉందేమో ముందే చూపించుకోవాలి. అంటే నేను మూడో చుక్కకే వెళ్ళాల్సింది.

డేట్లు క్రమంగా ఉన్నవాళ్ళు కూడా రోజులు ఏరుకుంటూ టెన్షన్ పడక్కర్లేదు. నెలంతా రెండు మూడు రోజులకోసారి కలుస్తుంటే ఆ ఆరు రోజుల్లో ఏదో ఒక రోజు దానంతటదే తగులుతుంది. మెడికల్ షాపులో దొరికే అండం విడుదల స్ట్రిప్పులు కొందరికి ఉపయోగపడతాయి. పీసీఓఎస్ ఉన్నవాళ్ళకు మాత్రం అవి తప్పుగా పాజిటివ్ చూపించవచ్చు, వాటినే నమ్ముకోకూడదు.

ఇంకోటి. నాకు ప్రతి నెలా ఇరవై తొమ్మిదో రోజు నుంచే ఆశ మొదలయ్యేది. డేట్ రాలేదంటే నెల తప్పిందనే అనుకునేదాన్ని. ఎనిమిది రోజులు, ప్రతి నెలా. రావి చెట్టు చుట్టూ తిరిగి కడుపు చూసుకున్నట్టు అంటారు కదా, ఆ జనవరిలో వారంలో నాలుగు ప్రెగ్నెన్సీ స్ట్రిప్పులు చూసుకున్నాను. బాత్రూమ్ లైటు వేసి, కిటికీ దగ్గరికి తెచ్చి, రెండో గీత కనిపిస్తుందేమోనని ఆ స్ట్రిప్పును వంచి వంచి చూశాను. మీ చక్రం ఎన్ని రోజులో మీకు తెలిస్తే, కనీసం ఆ బాధ నుంచి తప్పించుకోవచ్చు. మీ సొంత డేట్ దాటాక చూసుకోండి.

తప్పు రోజున చేసిన పరీక్ష

జూన్ ఆఖర్లో ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌కు వెళ్ళాను. ఒక్కదాన్నే వెళ్ళాను. నా డేట్లు ఎన్ని రోజులకొస్తాయని అడగలేదు. ఇరవై ఒకటో రోజు రక్తపరీక్ష చేయించుకు రమ్మన్నారు. అది అండం విడుదలయ్యాక పెరిగే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ పరీక్ష, అండం విడుదలైందా లేదా తెలుసుకోవడానికి. రిపోర్టులో తక్కువ వచ్చింది. "మీకు అండం రిలీజ్ కావడం లేదు" అన్నారు. ఆ రోజు మారతహళ్ళి బ్రిడ్జి కింద బస్సు కోసం నిలబడి ఏడ్చాను. చుట్టూ జనం ఉన్నారని కూడా తోచలేదు.

తర్వాత తెలిసిందేమిటంటే, ఆ పరీక్షను ఇరవై ఒకటో రోజు చేసేది 28 రోజుల చక్రం ఉన్నవాళ్ళకు. అసలు నియమం, రాబోయే డేట్‌కు వారం ముందు చేయాలి. నాకైతే ఇరవై తొమ్మిదో రోజు. ఇరవై ఒకటో రోజుకు నాలో అండం ఇంకా విడుదలే కాలేదు, ఇక ప్రొజెస్టిరాన్ ఎక్కడి నుంచి వస్తుంది? మీకు ఎవరైనా "ట్వెంటీ ఫస్ట్ డే" పరీక్ష రాస్తే, మీ చక్రం ఎన్ని రోజులో మీరే ముందు చెప్పండి.

అక్టోబర్ దాకా అక్కడ మాత్రలు వాడాను. ఆ నాలుగు నెలల్లో మా ఆయనను ఒక్కసారి కూడా రమ్మనలేదు. ఆయనకు ఏ పరీక్షా రాయలేదు. డాక్టర్‌ను మార్చాల్సిన సమయం ఎప్పుడని ఎవరైనా అడిగితే నేను ఈ గుర్తే చెప్తాను: రెండు మూడు నెలలైనా భర్తకు పరీక్ష రాయకుండా భార్యకే మందులు మారుస్తూ పోతుంటే, రిపోర్టులన్నీ తీసుకుని వేరేచోట చూపించుకోండి.

ఒక్క నెల కూడా ఆగకూడనివాళ్ళు

డేట్ల తేడా ఒక్కటే కాదు. నెలసరి నొప్పికి ప్రతి నెలా సెలవు పెట్టాల్సి వస్తున్నా, కలయిక సమయంలో లోపల లోతుగా నొప్పి ఉన్నా ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరగడం) ఉందేమో చూడాలి. ఆ నొప్పిని "పెళ్ళయితే పోతుంది, కాన్పయితే పోతుంది" అని మన ఇళ్ళలో తోసేస్తారు, తోసేయనివ్వకండి. చిన్నప్పుడు టీబీ వచ్చి మందులు వాడినా, అపెండిక్స్ పగిలి ఆపరేషన్ అయినా, పొత్తికడుపులో ఇన్ఫెక్షన్ వచ్చినా, ట్యూబులు (అండాన్ని గర్భసంచికి చేర్చే గొట్టాలు) మూసుకుపోయే అవకాశం ఉంటుంది. మన దేశంలో టీబీ ఎక్కువ కాబట్టి ఇది ముఖ్యం. ఎప్పుడో పదేళ్ళ కిందటి సంగతని దాచొద్దు. ఇంతకు ముందు ట్యూబులో గర్భం వచ్చినా, రెండుసార్లు గర్భం నిలవకుండా పోయినా, క్యాన్సర్‌కు మందులు వాడినా ముందే వెళ్ళాలి.

మగవాళ్ళ విషయంలోనూ అంతే. యుక్తవయసు వచ్చాక గవదబిళ్ళలు వచ్చి వృషణాలు వాచినా, చిన్నప్పుడు వృషణం కిందికి దిగక ఆపరేషన్ చేసినా, హెర్నియా ఆపరేషన్ అయినా, షుగర్ ఉన్నా చెప్పాలి. జిమ్‌లో కండల కోసం టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకుంటే లోపల వీర్యకణాల తయారీ ఆగిపోతుంది. మగతనం పెరుగుతుందని తీసుకునే మందే పిల్లలు పుట్టకుండా చేస్తుందని చాలామంది కుర్రాళ్ళకు తెలియదు.

ఇంకొకటి, దీని గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి రాస్తున్నాను. పెళ్ళయి నెలలు గడిచినా కలయికే సరిగా జరగని జంటలు ఉన్నారు. ఆమెకు భయంతో కండరాలు బిగుసుకుపోతాయి, లేదా ఆయనకు కుదరదు. వాళ్ళు సిగ్గుతో ఏళ్ళు గడిపేస్తారు, బయట అందరూ "విశేషమా" అని అడుగుతూనే ఉంటారు. దానికి వైద్యం ఉంది, నయమవుతుంది. డాక్టర్ ముందు ఒక్క వాక్యంలో చెప్పేయండి: "మాకు కలవడమే కుదరడం లేదు." మిగతావి ఆవిడే అడుగుతారు.

ఇద్దరూ ఒకే రోజు

నవంబర్లో వేరే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. అక్కడ నర్సు కన్నడావిడ. "ముట్టు యావాగ ఆయ్తు?" అని అడిగింది, అంటే డేట్ ఎప్పుడొచ్చిందని. మా అవ్వ కూడా ముట్టు అనే అనేది, అందుకే వెంటనే అర్థమైంది. క్యాలెండర్లు చుట్టచుట్టి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ వాటిని చూశాక అడిగిన మొదటి ప్రశ్న, "ఆయన బయట కూర్చున్నారా? లోపలికి పిలవండి."

పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాళ్ళ వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. ఆడవాళ్ళకు చేసే పరీక్షలతో పోలిస్తే వీర్యపరీక్ష చాలా తేలిక. సూది లేదు, నొప్పి లేదు. అందుకే అది మొదటే జరగాలి. మా ఆయన పన్నెండో తరగతి చదివినప్పటి నుంచి రక్తం చూస్తే కళ్ళు తిరిగే మనిషి. ఈ పరీక్షలో రక్తమే తీయరని తెలిసి కూడా మూడు వారాలు వాయిదా వేశారు. కారణం సిగ్గు. ల్యాబ్‌కు వెళ్ళినప్పుడు మూలగది చూపించారు, బయట బెంచీ మీద ఆరుగురు కూర్చునున్నారు. పది నిమిషాలకు బయటికొచ్చి నా వైపు చూసి తల అడ్డంగా ఊపారు. ఏమీ అనకుండా ఇంటికొచ్చేశాం.

ల్యాబ్‌కు ఫోన్ చేసి అడిగితే ఇంట్లో తీసి తెచ్చినా పర్వాలేదన్నారు. గంటలోపు చేరాలి. ఆదివారం పొద్దున ఏడింటికి రోడ్డు ఖాళీగా ఉంటుంది. స్కూటీ నేను నడిపాను. ఆయన వెనక కూర్చుని, చొక్కా లోపలి జేబులో డబ్బా పెట్టుకుని, దాని మీద అరచెయ్యి ఆనించి పట్టుకున్నారు. ఒంటి వేడి తగిలేలా ఉంచమన్నారని. పన్నెండు నిమిషాల్లో ల్యాబ్‌లో ఉన్నాం. ఆ తర్వాత పక్కనే దర్శినిలో నిలబడి ఇడ్లీ తింటూ ఆయన, "ఇంతేనా, దీనికేనా ఇన్నాళ్ళూ ఆపాను" అన్నారు.

పరీక్షకు ముందు కనీసం రెండు రోజులు, ఎక్కువైతే ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండాలి. ల్యాబ్ ఇచ్చిన డబ్బాలోనే తీయాలి, మామూలు నిరోధ్‌లో తీయకూడదు, సబ్బు, నూనె వాడకూడదు. కొంత బయట పడిపోతే ఆ మాట ల్యాబ్‌లో చెప్పాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, ఎండ తగలనివ్వొద్దు.

మాకు వచ్చిన రిపోర్టులో మిల్లీలీటరుకు 90 లక్షల కణాలు. ఉండాల్సింది కనీసం 1 కోటి 60 లక్షలు. కదిలేవి కనీసం 42 శాతం ఉండాలి. ఆకారం సరిగా ఉన్నవి 4 శాతం అని చూసి ఇద్దరం బిక్కచచ్చిపోయాం, మిగతా 96 పాడైపోయాయనుకుని. అది సరైన అంకెనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కనీస హద్దుల్లో ఆకారానికి 4 శాతమే. రిపోర్టు చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

డాక్టరమ్మ అడిగిన ప్రశ్న వేరు: "గత రెండు మూడు నెలల్లో ఈయనకు జ్వరం వచ్చిందా?" వచ్చింది. అక్టోబర్లో ఐదు రోజులు 103 జ్వరం. వీర్యకణం తయారై బయటికి రావడానికి రెండున్నర నెలల దాకా పడుతుంది, పెద్ద జ్వరం ఆ దొంతరనంతా దెబ్బతీస్తుంది. మూడు నెలలాగి ఫిబ్రవరిలో మళ్ళీ చేయిస్తే 2 కోట్ల 40 లక్షలు వచ్చాయి. ఒక్క రిపోర్టు చూసి ఎవరూ కుంగిపోకూడదు, ఒక్క రిపోర్టు మీద పెద్ద చికిత్సకు ఒప్పుకోనూ కూడదు.

మొదటిసారి వెళ్ళేటప్పుడు

మొదటే ఐవీఎఫ్ సెంటర్‌కు వెళ్ళక్కర్లేదు. అవుటర్ రింగ్ రోడ్డు మీద ఎన్ని బోర్డులున్నా, మొదటి పరీక్షలన్నీ మామూలు గైనకాలజిస్టు చేయించగలరు. ఖర్చు భారమైతే కె.ఆర్. మార్కెట్ దగ్గర వాణీ విలాస్ ప్రభుత్వ ఆసుపత్రిలో ఆడవాళ్ళ ఓపీ ఉంది. పొద్దున్నే వెళ్ళాలి, సగం రోజు పెట్టుకోవాలి.

ఒక కాగితం మీద రాసుకెళ్ళండి: ఎప్పుడు మొదలుపెట్టారు, గత ఆరు డేట్లు, పాత ఆపరేషన్లు, ఇద్దరూ వాడుతున్న మందులన్నీ. మొటిమల మాత్రలైనా, ఫిట్స్ మాత్రలైనా, ఆయుర్వేదం పొడైనా సరే. కొన్ని మందులు గర్భంలో బిడ్డకు హాని చేస్తాయి, ముందే మార్చాలి. మీ అంతట మీరు ఆపేయకండి. ఫోలిక్ యాసిడ్ ప్రయత్నం మొదలుపెట్టడానికి నెల ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోవాలి, నాకు అది పదిహేను నెలల తర్వాత తెలిసింది.

పరీక్షల్లో థైరాయిడ్, ప్రొలాక్టిన్ అనే హార్మోన్, స్కాన్ ఉంటాయి. నాకు థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ 5.8 వచ్చింది, కొంచెం ఎక్కువ, చిన్న మాత్రతో దారికొచ్చింది. ల్యాబుల్లో ప్యాకేజీలా అమ్మే ఏఎంహెచ్ పరీక్ష గురించి ఒక మాట. అది అండాల నిల్వ ఎంతుందో, ఐవీఎఫ్ ఇంజెక్షన్లకు ఎలా స్పందిస్తారో చెప్పడానికి పనికొస్తుంది. సహజంగా నెల తప్పుతుందా లేదా అన్నది దాన్ని బట్టి చెప్పలేరు. డాక్టర్ రాయకుండా సొంతంగా చేయించుకుని అంకె చూసి బెదిరిపోవద్దు. ట్యూబులు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే ట్యూబ్ టెస్టు రక్తస్రావం ఆగాక, అండం విడుదలకు ముందు చేస్తారు. నాకు డేట్ నొప్పి లాంటిదే గట్టిగా, ఐదు నిమిషాలు వచ్చింది. భర్త రిపోర్టు చూశాకే దానికి వెళ్ళడం మంచిది.

మాకు అండం విడుదల కోసం ఇచ్చే లెట్రోజోల్ మాత్రలతో మూడో నెలలో కుదిరింది. అందరికీ అలాగే అవుతుందని చెప్పను. మా పక్కింటి అక్కకు అన్ని రిపోర్టులూ బాగున్నాయి, ఐవీఎఫ్ దాకా వెళ్ళాల్సి వచ్చింది. ఆ మాట వస్తే ఆ కేంద్రానికి 2021 ఏఆర్‌టీ చట్టం (ఐవీఎఫ్ లాంటి చికిత్సల మీద పెట్టిన చట్టం) కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. ఆ చట్టం ప్రకారం ఆడవాళ్ళకు 21 నుంచి 50, మగవాళ్ళకు 21 నుంచి 55 ఏళ్ళు హద్దు. ఆడో మగో ఎంచి ఇస్తామని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి, అది నేరం.

మనసు సంగతి

అత్తమ్మ మమ్మల్ని దొడ్డబళ్ళాపురం దగ్గర ఘాటి సుబ్రహ్మణ్యకు తీసుకెళ్ళింది. అక్కడ చెట్ల కింద వరసలు వరసలుగా నాగరాళ్ళు, పిల్లల కోసం మొక్కుకున్నవాళ్ళు ప్రతిష్ఠించినవి. అన్ని రాళ్ళు చూసి, ఇంతమంది మాలాగే ఎదురుచూశారా అనిపించింది. నేనూ మనసారా మొక్కుకున్నాను. మొక్కు కోసం వెళ్ళిన వారమే డాక్టర్ దగ్గరికీ వెళ్ళొచ్చు, ఒకటి రెండోదానికి అడ్డు కాదు. మండలం పూజ అయ్యేదాకా ఆగుదాం, గ్రహణం పోయాక చూద్దాం అని క్యాలెండర్లో రాసిన తేదీని జరపకండి, అంతే.

మా చిన్నాన్న కూతురి సీమంతానికి నేను వెళ్ళలేదు. ఆడిట్ అని అబద్ధం చెప్పాను. డేట్ వచ్చిన ప్రతిసారీ మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. ఆయన ఏమన్నా గొడవే. అది కూడా సాయం అడగాల్సిన సమయమేనని అప్పుడు తోచలేదు. నిద్ర పట్టకపోతే, వారాల తరబడి ఏ పని మీదా మనసు నిలవకపోతే, బతకడం ఎందుకనిపిస్తే, నెలలు లెక్కపెట్టకుండా ఆ రోజే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

రెండో గీత కనిపించాక

ఈ ఒక్కటీ ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. టెస్టు పాజిటివ్ వచ్చాక, లేదా డేట్ దాటిపోయి ఉన్నప్పుడు, పొత్తికడుపులో ఒకవైపు గట్టి నొప్పి వచ్చినా, భుజం కొసన నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగి పడిపోయినా, నొప్పితో పాటు రక్తం కనిపించినా, గర్భం ట్యూబులో ఉండవచ్చు. ట్యూబు పగిలితే ప్రాణానికే ముప్పు. కొన్నిసార్లు రక్తం బయటికి కొంచెమే కనిపిస్తుంది, లోపల ఎక్కువ కారుతుంటుంది. వేడి చేసిందని మజ్జిగ తాగి పడుకోవద్దు, మీ డాక్టర్ ఓపీ పొద్దున పదింటికి కదా అని ఆగొద్దు. అర్ధరాత్రి అయినా సరే 108కు ఫోన్ చేసి, ఆపరేషన్ చేయగలిగే పెద్ద ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళండి. వెళ్ళగానే "టెస్టు పాజిటివ్ వచ్చింది, ఒకవైపు నొప్పి ఉంది" అని ముందు ఈ రెండు మాటలే చెప్పండి.